నాలుగంగుళాల కత్తి

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో పెంచలనరసయ్య ఆచారి కొలిమి ఉంది. కొడవలి, గొడ్డలి, బోండాలు కొట్టే కత్తి, మాంసం కొట్టు కత్తి, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికే వస్తారు. లారీ కమాను పట్టాని ముక్కలు చేసి, కాల్చి, సాగగొట్టి ఆయన తీర్చిన కత్తికి అంచు మళ్లదని పేరు. ఆ పేరుతోపాటు ఆరేళ్లుగా ఇంకో పేరు కూడా వచ్చింది ఆయనకి. అనుమానం ఆచారి అని. కత్తి కావాలని ఎవరొచ్చినా, ఎందుకో చెప్పందే సుత్తి పట్టడు.

ఊరికే రాలేదు ఆ పేరు. ఆరేళ్ల కిందట ఒకతను చేపలు కోసుకోవడానికని సన్నటి కత్తి చేయించుకుపోయాడు. పది రోజులు తిరక్కుండా ఆ కత్తితోనే తోడల్లుణ్ణి పొడిచాడు. కత్తి మీద ఆచారి కొట్టే గుర్తు ఉంది, రెండు చుక్కలూ ఒక గీతా. దాన్ని పట్టుకుని పోలీసులు వచ్చారు. రెండు రోజులు స్టేషను బల్ల మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. "చేపల కత్తి ఇంత సన్నంగా ఎందుకయ్యా చేశావు?" అని అడిగిందే అడిగారు. గిరాకీ అడిగాడు, నేను చేసినాను అన్నాడు ఆచారి. నీకు అనుమానం రాలేదా అన్నారు. చివరికి వదిలేశారు గానీ, చచ్చిపోయినవాడి పెళ్లాం స్టేషను గుమ్మంలో తనని చూసిన చూపు మాత్రం ఆయన్ని వదల్లేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మంగళవారం పొద్దున ఒకామె వచ్చి కొలిమి ముందు నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఎండకి కమిలిన ముఖం, నడుముకి బిగించిన కొంగు. చేతిసంచీలోంచి అట్టముక్క ఒకటి తీసి ఇచ్చింది. మిఠాయి డబ్బా అట్టని కత్తెరతో కత్తి ఆకారంలో కత్తిరించింది.

"ఇట్టాటిది కావాలన్నా."

ఆచారి అట్టని అటూ ఇటూ తిప్పాడు. కొలతలు చేత్తో చూపించేవాళ్లున్నారు గానీ, అట్ట కత్తిరించుకొచ్చిన గిరాకీ ఇంతవరకు లేదు. నాలుగంగుళాల పొడవు, వేలెడు వెడల్పు. మొన సూదిలా ఉంది. మొన దగ్గర అంగుళం మేరే అంచు, మిగతాదంతా మొద్దు. పిడి మొదట్లో అడ్డంగా ఒక పట్టీ, రెండు చెవుల్లాగా బయటికి వచ్చి ఉంది.

"ఏందిమ్మా ఇది? కూరగాయలకా?"

"కాదు."

"మరి దేనికి?"

"పనుండాది."

"ఏం పని?"

ఆమె అట్ట మీద వేలు పెట్టింది. "ఈ అడ్డపట్టీ గట్టిగా ఉండాల. నాలుగంగుళాలు దిగినాక ఆగిపోవాల. ఎంత బలంగా తోసినా ఆ పైన గింజంత కూడా దిగకూడదు."

"దేంట్లోకి దిగాల?"

"తోలుంటది. దాని కింద కండ ఉంటది. రెండూ దాటాల."

ఉప్పూ చింతపండూ కావాలన్నంత తేలిగ్గా చెప్పింది. ఆచారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె మాత్రం ఆగలేదు. మొన దగ్గర్నుంచి పిడి దాకా ఒకవైపు గాడి కావాలంది. చిటికెన వేలి గోరు పట్టేంత గాడి. కత్తి దిగి ఉన్నప్పుడు కూడా పక్కన సందు ఉండాలట. గాడి పెడితే పొడిచినచోట నెత్తురు నిలవకుండా కారుతుందని ఫోన్లో ఎవరో చెప్పగా విన్న మాట ఆచారికి గుర్తొచ్చింది.

"పిడి మాత్రం నువ్వు చెయ్యబాకన్నా. ఉదయగిరిలో రెబెకమ్మని ఉండాది, చెక్క గరిటెలు చేస్తాది. ఆమెకి చెప్పినాను. చెయ్యి తడైనా జారకుండా చుట్లు చుట్లుగా చెక్కతానంది."

"చెయ్యెందుకు తడస్తాది?"

"తడస్తాది," అంది ఆమె.

అంతలో సందు మొగలో ఎవరో మనిషి కనబడ్డాడు. ఆమె చటుక్కున అట్టముక్క లాక్కుని కొంగు కింద పెట్టుకుంది. అతను బస్టాండు వైపు పోయేదాకా గోడవైపు తిరిగి నిలబడింది. తెలిసినతనా అని ఆచారి అడిగితే మా పక్క మనిషే అంది, అంతే.

చెయ్యనని చెప్పేద్దామనే అనుకున్నాడు ఆచారి. మాట నోటిదాకా వచ్చింది. అయితే, నేను కాదంటే వింజమూరు పోతాది, అక్కడ ఎవడో ఒకడు చేసిస్తాడు, అనిపించింది. నా చేతుల్లో ఉంటే కనీసం ఏం జరిగేదీ నాకు తెలుస్తాది. ఇలా తనకి తాను సర్దిచెప్పుకుని, సుద్దముక్క తీసి ఇనపరేకు మీద గీయడం మొదలుపెట్టాడు.

"నీ అట్టలో తప్పుండాది. మొన ఇంత పొడుగ్గా సాగదీస్తే కండలోనే వంకర పోతాది. వెన్ను మందంగా ఉంచాల. మొనకి వచ్చేటప్పుడు మాత్రం సన్నం చెయ్యాల."

ఆమె వచ్చి రేకు పక్కన గొంతుకూర్చుంది. "మందమైతే దిగేదానికి బలం కావాల. నాకు అంత టయిముండదు."

"ఎంత టయిముంటది?"

"ఒక్క పోటు. రెండో పోటుకి ఆగదు."

ఆచారి చేతిలో సుద్ద ఆగింది. ఆమె దాన్ని తీసుకుని ఆయన గీసిన గీతకి లోపలగా ఇంకో గీత గీసింది. ఆయన దాన్ని చెరిపి, వెన్ను పిడి దగ్గర ఒక నూలు మందం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మొన దగ్గర అర నూలు అన్నాడు. ఆమె తన బొటనవేలితో కొలిచి ఒప్పుకుంది. గాడి మధ్యలో తీస్తే కత్తి బలం పోతుందని, వెన్నుకి దగ్గరగా జరిపాడు ఆయన. అడ్డపట్టీని విడిగా చేసి తొడిగితే ఊడొచ్చని, ఒకే ముక్కలోంచి సాగగొట్టి తీస్తానన్నాడు. పిడిలోకి దిగే తోక ఎంతుండాలో, ఎక్కడ చీల పడాలో రెబెకమ్మ కోసం అట్టముక్క వెనక గీసి ఇచ్చాడు. గంట గడిచింది. ఆమె అడిగే ప్రతి ప్రశ్నా సరైన ప్రశ్నే. ఇంత ఆలోచన పెట్టి కత్తి అడిగిన మనిషిని ఆయన నలభై ఏళ్లలో చూడలేదు. మాటల్లో పడి, అది ఎవరి ఒంట్లో దిగబోతుందన్న సంగతే కాసేపు మరిచిపోయాడు. ఆమె లేచి వెళ్లాక అది తలుచుకుని సిగ్గుపడ్డాడు.

పేరడిగితే సుకుమారి అంది. ఊరడిగితే ఉదయగిరి కాడ పల్లె అంది. ఫోన్ నంబరు మాత్రం ఇవ్వలేదు. శుక్రవారం నేనే వస్తానంది.

రెండు రోజులు ఆ కత్తి మీదే ఉన్నాడు. గురువారం సాయంత్రానికి ఆకారం వచ్చింది. ఇక పదును పెట్టడం ఒకటే మిగిలింది. ఇనుము కత్తి అయ్యేది అక్కడే. చెర్రీపండు రంగు వచ్చేదాకా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు బిగుస్తుంది. ముంచకుండా బూడిదలో మెల్లగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. చూడటానికి రెండూ ఒకటే. సాన పట్టాక కనిపెట్టడం కొలిమి మనిషికి తప్ప ఇంకొకరికి తరం కాదు.

ఆచారి ఎర్రటి కత్తిని పటకారుతో పట్టుకుని నూనె డబ్బా పైన క్షణం ఆగాడు. తర్వాత పక్కకి తిరిగి బూడిదలో పెట్టేశాడు.

కొలిమి ఫ్యాను తిప్పుతున్న ఆయన భార్య ఆదిశేషమ్మ చూసింది. "ఏంది, ముంచలా?"

"ముంచను. ఇది మెత్తగానే ఉండనీ. పొడిస్తే వంగిపోద్ది. ఎవురి ప్రాణమూ పోదు."

"చెయ్యలేనని చెప్పి పంపించొచ్చు గదా. ఈ దొంగపని ఏంది?"

"పంపిస్తే ఇంకోడు చేసిస్తాడు. అప్పుడు ప్రాణం పోద్ది," అన్నాడు ఆయన. సాన పట్టి అద్దంలా మెరిపించాడు గానీ, రెండు చుక్కల గుర్తు కొట్టలేదు.

శుక్రవారం సుకుమారి వచ్చింది. కత్తిని వెలుతురుకి పట్టి చూసింది. బొటనవేలితో అంచు తడిమింది. గాడిలో గోరు పెట్టి మొదట్నుంచి చివరిదాకా లాగింది. ముఖం విప్పారింది. "అచ్చం నేను అనుకున్నట్టే ఉండాదన్నా," అంది. తర్వాత తిరగేసి, "నీ గుర్తు లేదే?" అని అడిగింది.

"చిన్న వాటికి వెయ్యను."

ఆమె ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసింది. ఆచారి చూపు తిప్పుకున్నాడు. ఆమె కత్తిని గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆదిశేషమ్మ ఉన్నట్టుండి అడిగింది. "మెత్త కత్తి మెత్త కత్తి అంటా ఉండావు. మనిషి తోలు ఎంత మందముంటది? మనింట్లో వంకాయలు కోసే రేకు కత్తి కూడా దిగతాది గదా. నీది దిగదా?"

ఆచారి ముద్దని మళ్లీ కంచంలో పెట్టేశాడు. ఈ ఆలోచన తనకెందుకు రాలేదు? ఎముక తగిలితే వంగుతుంది నిజమే. తగలకపోతే? గుర్తు కొట్టకపోయినా, ఆ గాడి తీసిన పద్ధతి చూస్తే ఇది ఎవరి పనో చుట్టుపక్కల ప్రతి కొలిమివాడూ చెప్పగలడు. శనివారం పనిలో మనసు నిలవలేదు. ఆదివారం పేపర్లో జిల్లా పేజీ రెండుసార్లు చదివాడు. సోమవారం పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కాడు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే రెబెకమ్మ అంటే బస్టాండులోనే దారి చెప్పారు. కొండ వైపు వెళ్లే వీధిలో రేకుల షెడ్డు. యాభై దాటిన మనిషి, నేల మీద కాళ్లు చాపుకుని, నర్ది అనే అడవి చెక్క ముక్కని పాదంతో తొక్కిపట్టి గరిటెకి లోతు తీస్తూ ఉంది. ఆచారి తానెవరో చెప్పగానే పని ఆపింది.

"ఆ కత్తి నువ్వు చేసిందేనా? శానా బాగుండాది ఆచారీ. పిడి వేసి మొన్న శనివారమే ఇచ్చేసినాను."

"ఎందుకో చెప్పిందా?"

"లేదు. నేనూ అడిగినాను. నీకెందుకక్కా, పిడి జారకుండా ఉంటే చాలు అనింది." రెబెకమ్మ గొంతు తగ్గించింది. "నాకూ భయమేసింది నాయనా. కడుపుకి ఆనించుకుని తోసేదానికి పిడి చివర గుండ్రంగా, వెడల్పుగా ఉండాలనింది. అట్టా ఎవురు అడగతారు?"

"ఆమెకి ఎవురితోనన్నా పగుండాదా?"

"ఆ పల్లెలో గోపాలయ్యని ఒకాయన ఉన్నాడు. గొడ్డూ గోదా ఉన్న ఆసామి. పోయినేడు పదిమంది ముందర ఈమెని నిలబెట్టి నానా మాటలన్నాడంట. తప్పయిందని చేతులు జోడించిందాకా వదల్లేదంట. ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలవదు. అప్పట్నుంచి ఆయన వాకిట్లో కాలు పెట్టలేదని మాత్రం చెప్పినారు."

ఆచారికి ఇంకేమీ వినాలనిపించలేదు. అన్నీ కలిశాయి. రోడ్డు మీదికొచ్చి, దొరికిన ఆటో ఎక్కాడు.

గోపాలయ్య ఇల్లు పల్లెకి మొదట్లోనే ఉంది. ఇంటి ముందు రేకుల కొట్టం, పక్కన గడ్డివాము. అరవై ఏళ్ల మనిషి, పలుపు తాడు పేనుతూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆచారి పరిచయం చెప్పుకుని, నీళ్లు కూడా తాగకుండా అసలు మాట ఎత్తాడు.

"నీకు సుకుమారితో తగువుండాదా?"

గోపాలయ్య తాడు పక్కన పెట్టాడు. "ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవురూ పంపలేదు. నేనే వచ్చినాను. నువ్వు కాస్త జాగ్రత్తగా ఉండాల."

"ఆత్మకూరు నుంచి బస్సెక్కి వచ్చి నాకు జాగ్రత్త చెప్తా ఉండావా? ఆమె నీకేమవుద్ది?" గోపాలయ్య కళ్లు చిన్నవయ్యాయి. "బెదిరించమని పంపిందా?"

ఈయన తనని అనుమానిస్తున్నాడని ఆచారికి అప్పుడు అర్థమైంది. కత్తి సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా కొట్టంలోంచి కేక వినబడింది. గోపాలయ్య భార్య వెంగమ్మ.

"యో! రా ఇటు! బర్రెలు చూడు ఎట్టా ఉబ్బిపోయినాయో!"

ఇద్దరూ పరుగెత్తారు. కొట్టంలో రెండు గేదెలు. పొద్దున కట్టు తెంపుకుని పోయి, వానకి తడిసిన పచ్చి పిల్లిపెసర చేలో పడి మేశాయట. పెద్దదానికి కడుపులో గాలి చేరి ఎడమ డొక్క మద్దెలలా లేచింది. నాలుక బయటపెట్టి, మెడ చాపి, ఊపిరి అందక కాళ్లు ఈడుస్తోంది. రెండోది చూలుది. దానికీ ఉబ్బరం ఎక్కుతోంది గానీ ఇంకా నిలదొక్కుకుంది. గోపాలయ్య పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు. డాక్టరు వరికుంటపాడు పక్క ఊళ్లో ఉన్నాడు. బయల్దేరుతున్నా, గంట పడుతుంది, అంతవరకు నూనె తాగించండి అన్నాడు.

"గంటా! ఈ బర్రె గంట బతకతాదా?" వెంగమ్మ ఏడుపు గొంతుతో అంది. "సుకుమారిని పిలస్తాను."

"దాన్ని నా వాకిట్లోకి రానీను!"

"నీ పౌరుషం తగలెయ్య!" అని వెంగమ్మ వీధిలోకి పరుగెత్తింది.

రెండు నిమిషాలు గడవకముందే సుకుమారి వచ్చింది. పరుగున వస్తూనే నడుము దగ్గర చెయ్యి పెట్టి కత్తి బయటికి లాగింది. నర్ది చెక్క పిడి, కొత్త కత్తి తళుక్కుమంది. ఎదురుగా గోపాలయ్య నిలబడి ఉన్నాడు. ఆచారికి ఇంకేమీ కనబడలేదు. అడ్డంపడి ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు.

"వద్దమ్మా! ఆయన్ని ఏం చెయ్యబాక!"

"ఎవుర్ని? వదులన్నా!"

"నాకంతా తెలుసు. ఆ కత్తి ఇటియ్యి!"

"ఏం తెలుసు నీకు? వదులు, బర్రె చస్తా ఉండాది!"

గింజుకుంది. ఆయన వదల్లేదు. వెంగమ్మ వచ్చి ఆచారి భుజం మీద రెండు చేతులా కొట్టి లాగితే గానీ పట్టు సడల్లేదు. సుకుమారి గోపాలయ్య వైపు కన్నెత్తి కూడా చూడకుండా గేదె దగ్గరికి పోయింది. పక్కటెముకలు అయిపోయినచోట, నడుము ఎముకకి ముందు, ఉబ్బిన డొక్క మీద జాన వేసి కొలిచింది. కత్తి మొన అక్కడ ఆనించి, పిడి చివర కడుపుకి మోపి, ఒంటి బరువంతా వేసి తోసింది.

తోలూ కండా అంటే ఇదా! ఆచారికి తాను బూడిదలో పెట్టిన కత్తి గుర్తొచ్చింది.

కత్తి అంగుళం దిగి ఆగింది. సుకుమారి మళ్లీ తోసింది. కత్తి నడుము దగ్గర విల్లులా వంగిపోయింది. బయటికి లాగి దానికేసి చూసింది, నమ్మలేనట్టు. కాలి కింద పెట్టి తిన్నగా తొక్కి మళ్లీ పొడవబోయింది. ఈసారి ఇంకా ముందే వంగింది. గేదె ఒక్కసారి పెద్దగా అరిచి, పక్కకి కూలింది. కాళ్లు రెండుసార్లు తన్నుకున్నాయి. తర్వాత కదలలేదు.

కొట్టం ముందు అప్పటికే పదిమంది చేరారు. గోపాలయ్య వాళ్ల వైపు తిరిగాడు. "చంపేసింది! పోయినేడు కూరగాయల కత్తితో పొడిచి నా పొట్టేలుని చంపింది. ఊరంతా చూసినారు. ఇప్పుడు బర్రెని చంపింది!"

సుకుమారి వంకరపోయిన కత్తి చేత్తో పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. అట్టముక్క మీద ఆ అడ్డపట్టీ ఎందుకు పెట్టిందో, ఎందుకు ఎవరికీ చెప్పకుండా దాచిందో ఆచారికి ఒక్కొక్కటే తెలిసొచ్చింది. పోయినేడు ఇలాగే ఉబ్బిన పొట్టేలుని బతికించబోతే, కూరగాయల కత్తి లోతెక్కువ దిగి చచ్చింది. ఈసారి నాలుగంగుళాలకి ఆగాలి. కత్తి తయారవుతోందని తెలిస్తే ఊరు మళ్లీ నిలబెట్టి అడుగుతుంది.

ఆయన పక్కన ఎవరూ లేరు. ఆయన ఎవరో కూడా అక్కడ చాలామందికి తెలియదు. ఆటో ఇంకా రోడ్డు మీదే ఉంది. నోరు మూసుకుని నడిచివెళ్లిపోతే సరిపోతుంది. ఈ సంగతి ఆయనకీ ఆదిశేషమ్మకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

రెండో గేదె ముక్కుతూ ముందుకాళ్ల మీద వంగింది.

"తప్పు ఆమెది కాదు," అన్నాడు ఆచారి. ముందుకొచ్చి గట్టిగా అన్నాడు. "కత్తి చేసినోణ్ణి నేను. కావాలనే పదును పెట్టలేదు. మనిషిని పొడిచేదానికి చేయించుకుంటా ఉండాదని అనుకున్నాను."

గోపాలయ్య, "ఆమెని కాపాడేదానికి వచ్చినావా? ఇద్దరూ కలిసి ఆడతా ఉండారా?" అన్నాడు.

ఆచారి సుకుమారి చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. మోకాలికి ఆనించి, రెండు చేతుల్తో నొక్కాడు. అందరూ చూస్తుండగా అది రేకులా మడతపడింది. "కమాను పట్టా ఉక్కిది. పదును పెట్టుంటే విరగాల, ఇట్ట వంగకూడదు. ఇంతకంటే సాక్ష్యం నా కాడ లేదు. ఇప్పుడు నాకు నిప్పు కావాల. పది నిమిషాల్లో దీన్ని కత్తి చేస్తాను. ఆ బర్రెన్నా మిగలతాది."

గోపాలయ్య కదల్లేదు. వెంగమ్మ కదిలింది. పెరట్లో గొడ్లకి ఉలవలు ఉడికించే పొయ్యి ఇంకా మండుతోంది. ఆచారి గొడ్డలితో పిడిని చీల్చి ఊడదీశాడు. రెబెకమ్మ చెక్కిన చుట్లు రెండు ముక్కలై పడ్డాయి. కత్తిని నిప్పుల్లో దూర్చాడు. నిప్పు చాల్లేదు. ఎవరో సైకిలు పంపు తెచ్చారు. సుకుమారి దాన్ని అందుకుని, గొట్టం బొగ్గుల్లోకి పెట్టి పంపు కొట్టసాగింది. ఆయన వైపు చూడలేదు. బొగ్గులు తెల్లబడ్డాయి. కత్తి నల్లగా, ముదురెరుపు, ఎరుపు అయింది. బయటికి తీసి రోలు మీద పెట్టి, గొడ్డలి వెనకతో నాలుగు దెబ్బలు వేసి తిన్నగా చేసి మళ్లీ పెట్టాడు. చెర్రీపండు రంగు రాగానే వెంగమ్మ పట్టుకున్న వేరుశనగ నూనె గిన్నెలో ముంచాడు. నూనె బుస్సుమంది. పొగ కమ్మేసింది.

తోకకి తడిగుడ్డ చుట్టి ఇచ్చాడు. "ఈసారి వంగదు. మెలిపెట్టబాక, విరుగుద్ది. నేరుగా దించి, అట్టాగే ఉంచు."

సుకుమారి చూలు గేదె పక్కన మోకరిల్లింది. జాన వేసింది. గుడ్డ చుట్టిన తోకని రెండు చేతులా పట్టుకుని ఒక్క పోటు పొడిచింది. కత్తి అడ్డపట్టీ దాకా దిగి ఆగింది. గాడి వెంబడి గాలి ఈలలా బయటికొచ్చింది. దానితోపాటు పుల్లటి వాసన, పచ్చటి నురగ. ఆమె చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి. పట్టు సడల్లేదు. చూస్తుండగానే డొక్క తగ్గుతూ వచ్చింది. గేదె పొడుగ్గా ఊపిరి తీసుకుంది.

డాక్టరు వచ్చేసరికి అది తలెత్తి చూస్తోంది. ఆయన గాయం కడిగి, మందు పెట్టి, సూది వేశాడు. ఎక్కడ పొడిచారో చూసి, ఎవరు చేశారని అడిగాడు. సుకుమారి వెనక్కి తగ్గింది. వెంగమ్మ ఆమె చెయ్యి పట్టి ముందుకి లాగింది. "చోటు సరిగ్గానే ఉంది," అన్నాడు డాక్టరు. వెళ్లేటప్పుడు తన ఫోన్ నంబరు ఆమెకి ఇచ్చాడు.

గోపాలయ్య చాలాసేపు చచ్చిపోయిన గేదె తల దగ్గర కూర్చున్నాడు. తర్వాత లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి, సుకుమారి చేతుల మీద పోశాడు. ఆచారి వైపు తిరిగి, "నా బర్రెని చంపినావు," అన్నాడు.

"చంపినాను," అన్నాడు ఆచారి.

పెద్దదాన్ని పూడ్చిపెట్టడానికి గుంట తవ్వుతుంటే ఆయనా పార పట్టాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. పని అయ్యాక బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే సుకుమారి వచ్చి నిలబడింది.

"నన్ను చూస్తే మనిషిని చంపేదాని మాదిరి కనిపించినానా?"

ఆచారి స్టేషను సంగతి చెప్పాడు. చేపల కత్తి సంగతి, గుమ్మంలో నిలబడ్డ మనిషి సంగతి. ఆమె పూర్తిగా విన్నది.

"నేను ఎందుకో నువ్వు అడిగినావు. నేను చెప్పలేదు," అంది. "చెప్పుంటే ఆ బర్రె ఉండేది."

"నువ్వు చెప్పకపోయినా, చెయ్యనని నేను మొహం మీద చెప్పుండాల్సింది. చేసి మోసం చేసినాను. రెండూ ఒకటి కాదమ్మా."

కత్తి గుడ్డలో చుట్టి ఆమె చేతిలోనే ఉంది. ఆచారి చెయ్యి చాపాడు. "ఇటియ్యి. నూనెలో ముంచినాక మళ్లీ సన్న సెగ మీద కాయాల. లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు విరుగుద్ది. రెండు రోజుల్లో పంపిస్తాను."

సుకుమారి కత్తిని వెనక్కి తీసుకుంది. "నీ చేతికి ఇయ్యను. నేనే తెస్తాను. నా ఎదురుగా చెయ్యి."

గురువారం పొద్దున మొదటి బస్సుకే ఆమె ఆత్మకూరులో దిగింది. ఆదిశేషమ్మ టీ ఇస్తే పక్కన పెట్టేసింది. కొలిమికి ఎదురుగా కూర్చుని, ఆయన నిప్పు ముట్టించిన దగ్గర్నుంచి కత్తి ఎండుగడ్డి రంగుకి వచ్చేదాకా రెప్ప వాల్చలేదు. చల్లారాక తానే తీసుకుంది. కమాను పట్టా ముక్క మీద అంచు పెట్టి సుత్తితో కొట్టి చూసింది. పట్టా మీద గీత పడింది, అంచు చెక్కుచెదరలేదు. రెండోసారీ కొట్టింది. అప్పుడు కత్తిని ఆయన ముందు పెట్టి, "గుర్తు కొట్టు," అంది.

ఆచారి ఉలీ సుత్తీ అందుకుని, అడ్డపట్టీ పక్కన ఉక్కు ఇంకా మెత్తగా ఉన్నచోట రెండు చుక్కలూ గీతా కొట్టాడు. ఆమె వేలితో తడిమి చూసుకుని, గుడ్డలో చుట్టుకుని, చల్లారిపోయిన టీ అలాగే వదిలేసి, రెబెకమ్మ దగ్గర కొత్త పిడి వేయించుకోవడానికి ఉదయగిరి బస్సెక్కింది.